గొంతులోనికి చూచిన సంగీతోపాధ్యాయుడు

చెవి, ముక్కు, గొంతు వైద్యుని బొమ్మ గీయుమంటే మన పిల్లలు తెల్లకోటు తరువాత మొట్టమొదట గీసేది నుదుటి మీది గుండ్రని అద్దము. కొన్నేండ్ల క్రిందట ఇంటర్మీడియట్ తరగతిలో పుటాకార దర్పణముల పాఠము చెప్పుచు, వాటి ఉపయోగములలో ఒకటిగా ఆ అద్దమును పేర్కొన్నాను. వెనుక బెంచి నుండి ఒక విద్యార్థి లేచి, "మాస్టారూ, ఆ అద్దము నడుమ చిల్లు ఎందుకండీ? చిల్లు ఉన్నచోట వెలుతురు వృథా పోదా?" అని అడిగినాడు. పాఠ్యపుస్తకములో దానికి జవాబు లేదు. ఆ పూట నా వద్దనూ లేదు. రేపు చెప్పెదనని తప్పించుకొని ఇంటికి వచ్చి పుస్తకములు తిరగవేయగా, ఆ చిన్న చిల్లు వెనుక చాల పెద్ద కథ ఉన్నట్లు తెలిసినది.

కర్ణభేరి మన చెవి రంధ్రపు బయటి అంచు నుండి సుమారు 2.5 సెంటీమీటర్ల లోపల ఉన్నది. స్వరపేటిక నాలుక మొదలుకు కొంచెము దిగువనే ఉన్నది. గుండెతోను, ఊపిరితిత్తులతోను పోల్చి చూస్తే ఇవి ఇంటి గుమ్మములోనే ఉన్న వస్తువులు. అయినను పందొమ్మిదవ శతాబ్దము సగము గడచువరకు బ్రతికి ఉన్న మనిషి స్వరపేటికను చక్కగా చూచిన వైద్యుడు లేడనియే చెప్పవచ్చును. కారణము తెలిసినదే. వెలుతురు తిన్నగా పోవును, గొంతు వంపు తిరిగి ఉన్నది. చెవి దారి అంతగా వంకర కాదు గాని ఇరుకైనది. అందులోనికి చూడబోతే చూచేవాని తలయే వెలుతురునకు అడ్డము వచ్చును. ప్రక్కకు తొలగితే వెలుతురు లోపలికి పోవును, చూపు పోదు.

ఈ కష్టము కొత్తది కాదు. సుశ్రుతుడు వర్ణించిన నాడీయంత్రములు, అనగా గొట్టము వంటి పరికరములు, శరీర రంధ్రములలోని రోగమును చూచుటకును, చిక్కిన వస్తువులను తీయుటకును ఉద్దేశించినవే. ఫ్రాన్సు దేశపు శస్త్రవైద్యుడు గీ ద షోలియాక్ 1363లో రచించిన గ్రంథములో చెవిని గొట్టముతో విప్పి ఎండలో పరీక్షించుట కలదు. పరికరము ఉన్నది, చూడవలెనను బుద్ధియు ఉన్నది. కాంతిని చూపుతో కలిపి లోపలికి పంపు ఉపాయమే లేదు.

దీని వలన జరిగిన నష్టము ఎట్టిదో ఒక్క ఉదాహరణముతో చెప్పెదను. గొంతు బొంగురుపోవుట అనునది ఒక లక్షణము. జలుబు చేసినప్పుడు స్వరతంత్రులు వాచుట వలన అది రావచ్చును. అతిగా అరచేవారికి, పాడేవారికి ఆ తంత్రుల మీద లేచిన చిన్న బుడిపెల వలన రావచ్చును. క్షయ వలన, క్యాన్సరు వలన, తంత్రులను కదిలించు నాడి చచ్చుబడుట వలన కూడ రావచ్చును. వీనిలో ఒకటి వారము దినములలో తనంతట తగ్గును, మరియొకటి ప్రాణము తీయును. చెవికి మాత్రము అన్నియు ఒక్క బొంగురే. చూడలేని వైద్యుడు అందరికీ ఒకే కషాయము ఇచ్చి, ఎవరు బ్రతుకుదురో వేచి చూడవలసినదే.

ప్రయత్నించిన వారు లేకపోలేదు. జర్మనీలో ఫిలిప్ బొజ్జీని 1806లో కొవ్వొత్తి, అద్దము అమర్చిన ఒక గొట్టమును తయారు చేసినాడు. వియన్నా వైద్యపండితులు దానిని తిరస్కరించినారు. లండనులో బెంజమిన్ బాబింగ్టన్ 1829లో గొంతులో పెట్టు అద్దమును చూపినాడు. అదియు ప్రచారములోనికి రాలేదు. చివరకు దారి తెరచినవాడు వైద్యుడే కాడు. అతడు పాటలు నేర్పు గురువు.

మాన్యుయెల్ గార్షియా 1805లో జన్మించిన స్పెయిను దేశీయుడు. తండ్రి ఐరోపా అంతట పేరు మోసిన గాయకుడు. చెల్లెండ్రు మాలిబ్రాన్, వియార్డో అంతకు మించిన గాయనీమణులు. ఇట్టి కుటుంబములో ఇతని కంఠము మాత్రము వయసులోనే దెబ్బ తిన్నది. రంగస్థలమును విడిచి ఉపాధ్యాయుడైనాడు. స్వరము ఎక్కడ, ఎట్లు పుట్టునో తెలియనిదే పాట నేర్పుట చీకటిలో దారి చూపుట వంటిదని అతని పట్టుదల. 1840లోనే కంఠధ్వనిని గురించి ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తునకు ఒక నివేదిక పంపినాడు. కాని అందులో చెప్పినదంతయు చెవితో విని, వ్రేలితో తాకి ఊహించినదే. పోయిన తన కంఠము ఎట్లు పని చేసినదో చూడవలెనను కోరిక ఆయనను వదలలేదు.

1854 సెప్టెంబరు నెల. లండనులో సంగీత ఆచార్యుడుగా ఉన్న గార్షియా సెలవులలో పారిస్ వచ్చినాడు. అప్పటికి వయస్సు 49 ఏండ్లు. పాలే రాయల్ అను ప్రాంగణములో నడచుచుండగా కిటికీ అద్దముల మీద ఎండ తళుక్కుమన్నది. ఆ క్షణములో అతనికి ఉపాయము తోచినది: ఒక అద్దము ఎండను పట్టి లోపలికి పంపవలెను, మరియొక అద్దము గొంతులో వంపు వద్ద నిలిచి వెలుతురును క్రిందికి, క్రింది బొమ్మను పైకి త్రిప్పవలెను. వెంటనే షారియేర్ అను పరికరముల వర్తకుని వద్దకు పోయి, పొడవైన పిడి గల పండ్లవైద్యుని అద్దమొకటి ఆరు ఫ్రాంకులకు కొన్నాడు. అది 1851 నాటి లండను ప్రదర్శనలో పెట్టగా ఎవరును మెచ్చని సరుకు.

ఇంటికి పోయి ఆ చిన్న అద్దమును వేడినీటిలో ముంచి, తుడిచి, కొండనాలుకకు ఆనించినాడు. వేడి చేయుట ఎందుకో మన విద్యార్థులు చెప్పగలరు. చల్లని అద్దము మీద ఊపిరిలోని ఆవిరి మంచువలె పట్టును. రెండవ చేతిలోని అద్దముతో ఎండను ఆ అద్దము మీదికి పంపినాడు. తన స్వరపేటిక నోరు తెరచుకొని ఎదుట కనిపించినది. రెండు తెల్లని స్వరతంత్రులు ఊపిరి పీల్చినప్పుడు విడిపోవుట, స్వరము తీసినప్పుడు దగ్గరికి చేరి కంపించుట కండ్లార చూచినాడు. అద్దములోని బొమ్మలో ముందున్నది పైకిని, వెనుకనున్నది క్రిందికిని కనబడును. ఈ తిరుగుడుకు చేయి అలవాటు పడుటకు తరువాతి వైద్యులు నెలల తరబడి సాధన చేయవలసి వచ్చినది.

గార్షియా తాను చూచినదానిని 1855లో లండను రాయల్ సొసైటీకి నివేదించినాడు. అందులో రోగమును గురించి ఏమియు లేదు. అతనికి కావలసినది మంద్రము, తారస్థాయి ఎట్లు పుట్టునన్నదే. వైద్యులలో చాలమంది దానిని సంగీతము వారి విషయముగా భావించి ప్రక్కన పెట్టినారు. శాస్త్రములను గదులుగా విభజించుకొని తలుపులు వేసికొనుట ఆ కాలమునకు మాత్రమే పరిమితమైన దోషము కాదని నా అనుభవము.

రెండేండ్లకు వియన్నా ప్రభుత్వ వైద్యశాలలో లుడ్విగ్ ట్యుర్క్ అను నాడీవైద్యుడు రోగుల గొంతులలో ఇట్టి అద్దములనే పెట్టి చూడసాగినాడు. 1857 వేసవి అంతా పని బాగుగా సాగినది. శీతకాలము రాగానే వియన్నాలో సూర్యుడు మబ్బులచాటుకు పోయినాడు, ట్యుర్క్ అద్దములను మూలబెట్టినాడు. వానిని అడిగి తీసికొన్నవాడు బుడాపెస్టులోని శరీరధర్మ శాస్త్రజ్ఞుడు యోహాన్ చెర్మాక్. ఇతడు ఎండ కొరకు కాచుకొనలేదు. కంటివైద్యులు వాడు నడుమ చిల్లు గల పుటాకార దర్పణమును తీసికొని, దీపపు వెలుతురును దానితో గొంతులోనికి పంపినాడు. 1858లో ఫలితములు ప్రకటించగానే ఇద్దరి నడుమ ఎవరు మొదటివారన్న వివాదము రేగినది. ట్యుర్క్ పేరును బట్టి పండితులు ఆ తగాదాకు టర్కీ యుద్ధమని పేరు పెట్టి నవ్వుకొన్నారు. యుద్ధము వలన ఒక మేలు జరిగినది. చెర్మాక్ దేశదేశములు తిరిగి తన గొంతునే అందరికీ చూపినాడు. 1861లో ట్యూబింగెన్ నగరములో విక్టర్ ఫాన్ బ్రున్స్ అను శస్త్రవైద్యుడు ఈ అద్దములో చూచుచునే స్వంత తమ్ముని స్వరపేటికలోని కంతిని తొలగించినాడు. మందిచ్చి తిమ్మిరెక్కించు పద్ధతి అప్పటికి లేదు. కొకైను ద్రావణముతో గొంతును మొద్దుబరచుట 1884లో గాని రాలేదు. ఆ తమ్ముని ఓర్పును కూడ మెచ్చుకొనవలెను.

ఇక చిల్లు సంగతి. వెస్ట్ ఫేలియాలోని ఒక చిన్న ఊరి వైద్యుడు ఫ్రీడ్రిక్ హోఫ్మన్ 1841లోనే చెవిని చూచుటకు నడుమ రంధ్రము గల అద్దమును వర్ణించి ప్రకటించినాడు. ఎవరును పట్టించుకొనలేదు. 1855లో ఫాన్ ట్రోల్చ్ అను జర్మను వైద్యుడు పారిసులో తన దేశీయుల సభలో అట్టి అద్దమునే చూపిన తరువాత అది నిలిచినది. రోగి భుజము వెనుక దీపము ఉండును. పుటాకార దర్పణము ఆ కాంతిని ప్రోగుచేసి చెవిలోనికి కేంద్రీకరించును. వైద్యుని కన్ను ఆ అద్దపు చిల్లు వెనుకనే ఉండుట వలన కాంతి పోవు రేఖయు, చూపు పోవు రేఖయు ఒకటే అగును. వెలుతురు ఎక్కడ పడునో కన్ను అక్కడనే చూచును, తల అడ్డము రాదు. చిల్లు వద్ద పోవు కాంతి అద్దపు మొత్తములో స్వల్ప భాగము. దానిని వదులుకొని కొన్న లాభము ఇది. అద్దము నుదుటికి ఎక్కగానే రెండు చేతులు ఖాళీ అయినవి. ఇప్పటి వైద్యులలో చాలమంది అద్దమునకు బదులు విద్యుద్దీపమునే నుదుట కట్టుకొనుచున్నారు. కాంతిని చూపు వెంట పంపుట అన్న సూత్రము మాత్రము మారలేదు.

కర్ణభేరి కనిపించినది, సరే. దాని వెనుక ఉన్న చెవిని చూచుట ఎట్లు? ఇక్కడ కన్ను చేయలేని పని మన ప్రయోగశాలలోని శ్రుతిదండము చేసినది. వేబర్ 1834లోను, రిన్నె 1855లోను చెప్పిన రెండు పరీక్షలను ఏ ఉన్నత పాఠశాలలోనైనను చేయవచ్చును. సెకండుకు 512 కంపనములు గల దండమును మ్రోగించి దాని కాడను చెవి వెనుక ఎముకపై ఆనించండి. ధ్వని ఆగిపోయినదని మిత్రుడు చెప్పగానే దండమును చెవి ఎదుటికి తెండి. ఆరోగ్యవంతునికి మరల వినిపించును, ఎందుకనగా గాలి దారి ఎముక దారి కంటె మంచిది. వినిపించకపోతే గాలి దారిలో, అనగా గులిమి వద్దనో, కర్ణభేరి వద్దనో, మధ్య చెవిలోని మూడు చిన్న ఎముకల వద్దనో అడ్డు ఉండి ఉండును. ఇక కాడను నుదుటి నడుమ ఆనించితే రెండు చెవులలో సమముగా వినిపించవలెను. ఒక చెవిని వ్రేలితో మూసి చూడండి. ధ్వని మూసిన చెవివైపునకే ఒరుగును.

మధ్య చెవిలో చీము పట్టితే ఆ కాలమున అది కేవలము చెవిపోటు కాదు. చెవి వెనుక ఉబ్బెత్తుగా తగులు మాస్టాయిడ్ ఎముక తేనెపట్టు వలె గదులు గదులుగా ఉండును. చీము దానిలోనికి, అక్కడ నుండి మెదడు పొరలకు ప్రాకును. ఎముకను తొలిచి చీము వదలవలెనన్న ఊహ పాతదే. 1776లో యాసర్ అను ప్రష్యా సైనిక వైద్యుడు ఒక సిపాయికి అట్లు చేసి మేలు పొందినాడు. కాని 1791లో డెన్మార్కు రాజవైద్యుడు ఫాన్ బెర్గర్ చెవి హోరు, చెవుడు పోవునని ఆ చికిత్స చేయించుకొని, దాని ఫలితముగ మరణించినాడు. చీము లేని చోట ఎముకను తొలిచినారు. నింద చికిత్స మీద పడినది. తరువాత ఎన్నో దశాబ్దములు వైద్యులు దాని జోలికి పోలేదు. 1873లో హాలె నగరములో హెర్మన్ ష్వార్ట్సె, శిష్యుడు ఐసెల్‌తో కలిసి ఏ రోగికి చేయవలెనో, ఎవరికి కూడదో క్రమముగా వ్రాసిన తరువాతనే అది తిరిగి వాడుకలోనికి వచ్చినది.

అయినను అందరికీ అందలేదు. డబ్లిన్ నగరపు సర్ విలియం వైల్డ్ ఐరోపాలో పేరెన్నిక గన్న చెవివైద్యుడు. 1853లో చెవి శస్త్రచికిత్సను గూర్చి ప్రామాణిక గ్రంథము వ్రాసినాడు. చెవి వెనుక చీము వదలుటకు చేయు ఒక కోత నేటికిని ఆయన పేరుతోనే ఉన్నది. ఆయన కుమారుడే నాటక రచయిత ఆస్కార్ వైల్డ్. ఇతడు 1900 నవంబరు 30న పారిసులో మెదడు పొరల వాపుతో మరణించినాడు. దానికి మూలము చాలకాలముగా ఉన్న చెవి రోగమేనని సాధారణముగా అంగీకరింపబడుచున్నది.

ఇప్పుడు ఉపాధ్యాయులు ముఖ్యముగా గమనింపవలసిన ఒక సంగతి చెప్పెదను. కోపెన్‌హాగన్ వైద్యుడు విల్హెల్మ్ మేయర్ వద్దకు వినికిడి మందగించి, మాట ముక్కుతో వచ్చునట్లుండు ఇరవై ఏండ్ల యువతి వచ్చినది. మేయర్ ఆమె నోటి గుండా అంగిలి వెనుకకు వ్రేలు పోనిచ్చి తడిమి చూచినాడు. ముక్కు వెనుక భాగమంతయు మెత్తని కండతో నిండి ఉన్నది. అవే ఎడినాయిడ్లు. ఇవి బిడ్డలందరికీ కొద్దిగా ఉండును, పెరిగితే ముక్కు వెనుక మూసికొనిపోవును. మధ్య చెవికి గాలి పంపు యూస్టేషియన్ నాళపు ముఖద్వారము అక్కడనే ఉన్నది. అది మూతపడితే చెవిలో నీరు చేరి వినికిడి తగ్గును. మేయర్ ఆ కండను గీకి తీయుటకు ఉంగరము వంటి చిన్న కత్తిని చేయించి, 1868లో తన పరిశోధనను ప్రకటించినాడు. ఎప్పుడును నోరు తెరచుకొని, పిలిచిన పలుకక, మొద్దుమొగముతో కూర్చుండు పిల్లలలో కొందరు మందమతులు కారని, వారికి వినబడుట లేదని దీనితో తేలినది. ఆయన మరణానంతరము పలు దేశముల వారు చందాలు వేసి 1898లో కోపెన్‌హాగన్‌లో ఆయన విగ్రహము నెలకొల్పినారు. ఎందరు పిల్లలు అంతకు ముందు బెత్తము దెబ్బలు తినినారో లెక్క వ్రాసినవారు లేరు.

చూచుట వచ్చినంతనే అంతయు తెలిసిపోలేదు. జర్మనీ యువరాజు ఫ్రీడ్రిక్ గొంతు 1887లో బొంగురుపోయినది. బెర్లిన్ వైద్యులు అద్దములో కంతిని చూచి క్యాన్సరని అనుమానించి, మెడ కోసి దానిని తొలగింప సిద్ధపడినారు. మే నెలలో లండను నుండి పిలిపించిన మోరెల్ మెకంజీ కొంత ముక్క తీసి పరీక్షింపవలెనన్నాడు. గొప్ప రోగవిజ్ఞాని విర్కో ఆ ముక్కలలో క్యాన్సరు కనబడలేదన్నాడు. శస్త్రచికిత్స ఆగినది. నవంబరులో క్యాన్సరే అని తేలినది. 1888 మార్చిలో చక్రవర్తి అయిన ఫ్రీడ్రిక్, గాలిగొట్టము మెడలో ఉండి మాట లేక, 99 దినములు మాత్రమే ఏలి జూన్ 15న మరణించినాడు. ఉభయ దేశముల వైద్యులు ఏండ్ల తరబడి పుస్తకములు వ్రాసి తిట్టుకొన్నారు. విర్కో చూచిన ముక్కలో క్యాన్సరు లేకపోవచ్చును. ముక్కను తీసిన చోటు రోగము ఉన్న చోటేనా అన్నది అసలు ప్రశ్న. నేటికిని అనుమానము తీరనప్పుడు మరల మరల ముక్క తీసి చూచుటకు ఇదే కారణము.

అటు తరువాతి చరిత్ర త్వరగా నడచినది. 1897లో గుస్టావ్ కిలియన్ ఒక రైతు శ్వాసనాళములో చిక్కిన ఎముకను తిన్నని గొట్టము గుండా చూచుచు తీసినాడు. వేరుసెనగ గింజ, చింతగింజ ఊపిరిగొట్టములోనికి పోయిన పసిబిడ్డలను బ్రతికించు విద్య దాని నుండి పెరిగినదే. 1921లో స్వీడనులో నైలేన్ సూక్ష్మదర్శినిని చెవి శస్త్రచికిత్సకు తెచ్చినాడు. సల్ఫా మందులు, 1940 తరువాత పెన్సిలిన్ వచ్చుటతో మాస్టాయిడ్ ఎముకను తొలుచు అవసరము చాలవరకు తగ్గినది. భీమవరములో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు పర్యవేక్షణలోని లెడర్లీ ప్రయోగశాల నుండి 1948లో వెలువడిన ఆరియోమైసిన్ కూడ ఈ మందుల వరుసలోనిదే. 1950 తరువాత జర్మనీలో వుల్ష్టైన్, జోల్నర్ అనువారు చిల్లుపడిన కర్ణభేరికి అతుకు వేసి వినికిడిని తిరిగి తెచ్చు పద్ధతులను స్థిరపరచినారు.

నా విద్యార్థికి మరునాడు అద్దపు చిల్లును గూర్చి చెప్పి, ఆ ఊపులోనే శ్రుతిదండమును తెప్పించి నుదుటి పరీక్ష అందరికీ చేయించినాను. వరుసగా అందరును "రెండు వైపులా సమానమేనండీ" అనుచు పోవుచున్నారు. ముందు బెంచిలో ఎప్పుడును ఎడమ గోడకు ఆనుకొని, కుడి చెవి నావైపు ఉండునట్లు కూర్చుండు ఒక అమ్మాయి మాత్రము, "నాకు ఎడమ చెవిలోనేనండీ, చాల గట్టిగా వినబడుతోంది" అన్నది. చెవిని వ్రేలితో మూయలేదు. అడుగగా, చిన్ననాటి నుండి ఆ చెవి చీము కారుచుండుననియు, ఇంట్లో వెల్లుల్లి కాచిన నూనె పోయుదురనియు చెప్పినది. వారి నాన్నగారిని పిలిపించి ప్రభుత్వ వైద్యశాలకు పంపినాను. కర్ణభేరికి చిల్లు ఉన్నదని అక్కడ తేలినది. చీము ఆరిన పిమ్మట వేసవి సెలవులలో అతుకు వేసినారు. కళాశాల తెరచిన మొదటి దినమున ఆమె నడిమి వరుసలో కూర్చున్నది.